రిజిస్టరులో ఒక రాయి

ఆ ఉదయం సైన్సు మాష్టారు పెట్టుకున్న పని చిన్నదే. ప్రార్థన గంట కొట్టేలోపు ప్రయోగశాల తాళం తీయాలి, జేబులోని పసుపు రాయిని మూడో అరలో పెట్టాలి, ఎవరి కంటా పడకుండా బయటికి రావాలి. మధ్యాహ్నం తనిఖీ. రిజిస్టరులో ఆయన భార్య చేతిరాతతో "పసుపు రాయి – ఒకటి. బంగారం కాదు" అని ఉంది. ప్రయోగశాల బాధ్యత ఆవిడదే. మంచాన పడ్డాక ఆ రాయిని ఇంటికి తెప్పించుకుంది. అరచేతిలో బరువుగా, చల్లగా ఉంటే కాసేపు నొప్పి తెలిసేది కాదట. ఆవిడ పోయి మూడు నెలలైనా అది ఆయన జేబులోనే ఉంది.

అర ముందే అటెండరు ఎదురయ్యాడు.

"అమ్మో, బంగారమే!"

"కాదయ్యా. చూడ్డానికి అలా ఉంటుంది. మా ఇంట్లో ఉండిపోయింది, పెట్టేస్తున్నాను."

మాష్టారు అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడింది అప్పుడే. రెండో పీరియడుకు రాయి కోడిగుడ్డంత అయింది. ఇంటర్వెల్‌కు సంచెడయింది. భోజనాల వేళకు, పోయిన టీచరమ్మ బడి బంగారాన్ని ఇంటికి మోసుకెళ్ళిందని, తనిఖీకి జడిసి మొగుడు తిరిగి తెచ్చాడని తేలిపోయింది. లెక్కల మాష్టారు వచ్చి చేయి పట్టుకున్నాడు. "బాధపడకండి. మనిషన్నాక ఆశ ఉంటుంది." ఆవిడ పోయినప్పుడు కూడా ఆయన ఇంత ప్రేమగా మాట్లాడలేదు.

ఇంతలో బావమరిది పరుగున వచ్చాడు.

"అక్క బంగారాన్ని బడికిచ్చేస్తావా బావా? మాకొక మాట చెప్పొద్దూ?"

"అది రాయిరా."

"నాకా చెప్తున్నావు!"

తనిఖీ అధికారి రాయిని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. "వట్టి రాయైతే ఇంటికెందుకు తీసుకెళ్ళారండీ?"

మాష్టారు దగ్గర జవాబుంది. అది నలుగురిలో చెప్పేది కాదు.

"బంగారం కాదని ఆవిడే రాసింది కదండీ."

"కాజేసేవాళ్ళు ఇంకేమని రాస్తారు?"

మాష్టారు టైలు ముక్క వెనకవైపు గరుకు మీద రాయిని గీశాడు. నల్లటి గీత పడింది. "బంగారమైతే పసుపు గీత పడేది."

"చేతి మురికేమో," అన్నాడు హెడ్మాస్టరు.

ఇక మిగిలింది సుత్తి. బంగారాన్ని కొడితే సాగుతుంది, ఇది పగులుతుంది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెప్పిన పాఠమే. రాయి మిగిలితే ఆమె పేరు పోతుంది. మాష్టారు దాన్ని ఒకసారి అరచేతిలో మూసి పట్టుకున్నాడు. తర్వాత బల్ల మీద పెట్టి కొట్టాడు.

ఒక్క దెబ్బకే ముక్కలు. అగ్గిపుల్ల గీసినట్టు వాసన. "పని ఉంది బావా," అని బావమరిది జారుకున్నాడు. లెక్కల మాష్టారు గోడ మీది పటాన్ని శ్రద్ధగా చదవసాగాడు.

మాష్టారు ముక్కలు ఏరి అరలో సర్దబోతుంటే హెడ్మాస్టరు లెక్కపెట్టి అదిరిపడ్డాడు. "పదకొండు! రిజిస్టరులో ఉన్నది ఒక్కటే!"

"తక్కువైనా చెప్పుకోవచ్చు, ఎక్కువైతే ఎక్కణ్ణించి వచ్చాయని రాస్తాం?" అన్నాడు అధికారి. "ఒకటి ఉంచి, మిగతావి ఇప్పుడే బడి దాటించండి."

మాష్టారు అన్నిటికన్నా చిన్న ముక్కను మూడో అరలో పెట్టాడు. మిగతా పదింటినీ జేబులో వేసుకున్నాడు.

ఆవిడ చేతిరాత పక్కన అధికారి ఎర్ర సిరాతో రాశాడు: "సరిపోయింది."