కాళ్లు లేని కొంగ

సెలవు రోజు పొద్దున్నే చెరువుకెళ్లి, ఒక్క మంచి ఫొటో తీసుకుని, టిఫిను వేళకి ఇల్లు చేరాలన్నది బస్సు డ్రైవరు ఆలోచన. పదకొండేళ్లుగా పక్షుల ఫొటోలు తీస్తున్నాడు. నీటి గీత తిన్నగా ఉండాలి, పక్షి చూసేవైపు ఖాళీ వదలాలి, కాళ్లు తెగకూడదు. ఈ రూల్సన్నీ తు.చ. తప్పకుండా పాటించేవాడు. పోటీలకు పంపితే మాత్రం "బాగుంది, ప్రాణం లేదు" అన్న మాటతో తిరిగొచ్చేవి. ఆ రోజు విసుగెత్తి రూల్సన్నీ చెరువులో కలిపేశాడు. కొంగను ఫ్రేము అంచుకి నెట్టాడు, కాళ్లు కోసేశాడు, నీళ్లను ఏటవాలుగా ఒంచాడు. చూసుకుంటే, కొంగ ఫొటోలోంచి దూకి పారిపోతున్నట్టుంది. ఆనందం పట్టలేకపోయాడు.

ఇంటికొచ్చి భార్యకు చూపించాడు.

"కాళ్లేవండీ?"

"కావాలనే తీసేశాను."

"చెరువు ఒరిగిపోయిందేంటి?"

"అదీ కావాలనే."

మగవాళ్లు జబ్బు దాచుకునేటప్పుడు ఇలాగే గొప్పలు పోతారని ఆవిడ నమ్మకం. ఆయన స్నానానికి వెళ్లగానే ఫొటోను తన అన్నయ్యకు పంపించి, "ఈయనకి చూపు తేడా చేసింది అన్నయ్యా" అని ఫోనులో భోరుమంది. ఆ అన్నయ్యే బస్సు డిపో మేనేజరు.

మర్నాడు డ్రైవరుకు బస్సు తాళాలు ఇవ్వలేదు. మేనేజరు గదిలోకి పిలిచి తలుపేశాడు.

"దాచకు బావా. రూల్స్ పాటిస్తున్నావా, లేదా?"

బల్ల మీది ఫోనులో తన కొంగ కనబడేసరికి, బావగారికి కళ మీద ఆసక్తి పుట్టిందని డ్రైవరు మురిసిపోయాడు.

"రూల్సన్నీ వచ్చు బావగారూ. నిన్నటి నుంచి కావాలనే తప్పుతున్నాను."

"ముందు ఖాళీ వదలాలన్న రూలు కూడానా?"

"మొట్టమొదట మానేసింది అదే. అంచుకి తగిలీ తగలనట్టుంటేనే మజా."

మేనేజరు చేతిలో పెన్ను ఆగింది. "మరి కాళ్లు?"

"తెగితే తెగాయి. చూసేవాడికి ఒళ్లు జలదరించాలి!"

మేనేజరు అంతా కాగితం మీద పెట్టాడు. కళ్ల డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చేదాకా బస్సు ముట్టుకోవద్దన్నాడు. అప్పటికిగానీ డ్రైవరుకు సంగతి అర్థం కాలేదు.

"నేను చెప్పింది కొంగ గురించి బావగారూ!"

"ఇవాళ కొంగంటావు. రేపు మనిషిని గుద్ది కొంగనుకున్నానంటావు. పద."

తనే జీపు నడుపుతూ ఆస్పత్రికి తీసుకెళ్లాడు. దారిలో డ్రైవరు రెండుసార్లు గట్టిగా కళ్లు మూసుకున్నాడు. అప్పటికే డిపోలో కండక్టర్లు, పాపం ఆయన ఇన్నేళ్లూ హారన్ల చప్పుడు విని బండి నడిపాడని చెప్పుకుంటున్నారు.

డాక్టరమ్మ గోడ మీది అట్ట చూపించింది. డ్రైవరు చిట్టచివరి వరస దాకా గడగడా చదివేశాడు.

"చూపు భేషుగ్గా ఉంది," అందావిడ.

మేనేజరు ఒప్పుకోలేదు. బావను లేపి, ఆ కుర్చీలో తనే కూర్చుని అట్టకేసి చూశాడు.

"నేనప్పుడే అనుకున్నా! అక్కడున్నవి మూడు వరసలు. ఇతను ఏడు చదివాడు!"

డాక్టరమ్మ అట్టనీ మేనేజరునీ మార్చి మార్చి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"మీరొచ్చిన జీపు ఎవరు నడిపారండీ?"

తిరుగు ప్రయాణంలో జీపు డ్రైవరే నడిపాడు. కళ్లజోడు రావడానికి వారం పట్టింది. ఆ వారం రోజులూ మేనేజరు డ్యూటీకి బస్సులోనే వచ్చాడు. స్టాపులో నిలబడి, వచ్చిన ప్రతి లారీకీ చెయ్యెత్తాడన్న సంగతి మాత్రం చెల్లెలికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.