అసలు కమ్మీ వచ్చేవరకు

చేతిపని తెలిసిన మొగుడు దొరకడం పూర్వజన్మ సుకృతం! ఈ మాట నేను ఒళ్ళు తెలిసే అంటున్నాను. కొళాయి కారితే ప్లంబర్‌ని, తలుపు బిగుసుకుంటే వడ్రంగిని పిలుచుకునే ఇళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళకు అరగంటలో పనైపోతుంది. ఆ తర్వాత భార్యాభర్తలు ఏం మాట్లాడుకుంటారు? మా వంటింటి కొళాయి కారడం మొదలై మూడేళ్ళయింది. ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకోవడానికి మాకు బోలెడుంది.

మా ఆయన బీమా కంపెనీలో గుమాస్తా. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆయన చదివేది ఇంట్లో జారిపడ్డవాళ్ళ దరఖాస్తులు. ఎవరు ఏ మెట్టు మీంచి పడ్డారు, ఏ ఎముక విరిగింది, పట్టుకోవడానికి ఆసరా ఉందా లేదా... ఇవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

సాయంత్రం ఇల్లు చేరి చొక్కా మార్చగానే మనిషే మారిపోతారు. చెవి మీద పెన్సిలు, నడుముకు కొలత టేపు, కళ్ళలో ఒక విధమైన వెలుగు! పెరట్లో ఉన్న రేకుల షెడ్డును ఆయన వర్క్‌షాప్ అంటారు. మా అత్తగారు గుహ అంటారు.

పని విషయంలో ఆయనకు ఒక నియమం ఉంది. ఏదీ హడావుడిగా చేయకూడదు. ప్రస్తుతానికి ఏదో ఒకటి అడ్డం పెట్టి, దానికి పురికొసతో ఓ అట్టముక్క కడతారు. దాని మీద గుండ్రటి ఆఫీసు దస్తూరీతో రాసి ఉంటుంది: 'టెంపరరీ. అసలుది వచ్చేవరకు.' సింకు కింద బకెట్‌కు ఉంది ఆ చీటీ. ఫ్రిజ్ కాలికింద ఇటుకకు ఉంది. పక్క సొరుగును పూర్తిగా బయటికి లాగితే తప్ప తెరుచుకోని సొరుగుకూ ఉంది. ఒకసారి చీటీ కట్టాక ఆ వస్తువు జోలికి ఆయన మళ్ళీ వెళ్ళరు. ఎందుకు వెళ్ళాలి? అది టెంపరరీ కదా! మొన్నామధ్య బకెట్ చీటీ మీద అక్షరాలు వెలిసిపోతే శ్రద్ధగా కొత్త చీటీ రాసి కట్టారు.

వీటివల్ల ఎన్ని లాభాలో మీకేం తెలుసు? మా ఇంటి కాలింగ్ బెల్ సంగతే చూడండి. తోటలో మొక్కలకు చుక్క చుక్కగా నీళ్ళు పోసే పైపులు వేసినప్పుడు, ఆ మోటారుకు స్విచ్ కావలసి వచ్చింది. ప్రస్తుతానికి బెల్ స్విచ్‌కు కలిపారు. ఇప్పుడు గుమ్మం ముందు ఎవరైనా బెల్ నొక్కితే ఇంట్లో మోగదు, పెరట్లో మోటారు తిరిగి టొమాటోల వైపు నీళ్ళు పోతాయి. చుట్టాలు వచ్చి నాలుగుసార్లు నొక్కి, ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతారు. ఇంతటి ప్రశాంతత మీ ఇంట్లో ఉందా? ఒకసారి పార్సిల్ తెచ్చినాయన పట్టువిడవకుండా పావుగంట నొక్కాడు. ఆ వారం మిరపమొక్కలు కుళ్ళిపోయాయి.

ఇక డైనింగ్ టేబుల్! దాని మీద వంగనారు, మిరపనారు, పేరు గుర్తులేని మరో నారు. మేం నిలబడి తింటాం. నిలబడి తింటే అరుగుదల బాగుంటుందట. దోసపాదుకు కాసిన మొదటి కాయను వచ్చినవాళ్ళకు చూపించాలని కోయలేదు. బెల్ మోగదు కనక వచ్చినవాళ్ళెవరూ లోపలికి రాలేదు. అది పండి, పగిలి, నేల మీద పడేవరకూ మేం దాన్ని గౌరవంగా చూస్తూనే ఉన్నాం.

అయితే ఆ తోట మొదట్లో ఆయనది కాదు. మా అత్తగారిది. ఆవిడ పద్ధతే వేరు. చీరకొంగు దోపుకుని, వేలితో మట్టిలో గుంట చేసి, విత్తనం పడేసి, పైన రెండుసార్లు తట్టేవారు. అంతే! మేం తినగా మిగిలినవి వీధి వీధంతా పంచేవాళ్ళం. పైపుల్లేవు, మట్టిలో తడి కొలిచే సెన్సర్లు లేవు, చీటీలు లేవు.

పోయిన ఏడాది చివర్లో ఆవిడ మోకాలు మొరాయించింది. డాక్టరు చూసి, "నడక మానొద్దమ్మా. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఏదైనా పట్టుకుని దిగండి" అన్నాడు. వంటింటి వెనక తలుపు తీస్తే తోటలోకి మూడు మెట్లు. ఇటుకలు పేర్చి కట్టినవి. ఒక మెట్టు జానెడుంటే ఇంకొకటి జానెడున్నర. ఒకపక్క బోడి గోడ, రెండోపక్క గాలి, పట్టుకోవడానికి ఏమీ లేదు.

"ఒరే నాన్నా, ఈ మెట్ల పక్కన ఓ కమ్మీ బిగించరా. పట్టుకుని దిగుతాను" అని అడిగారు ఆవిడ.

"కమ్మీ ఏమిటమ్మా, రెయిలింగే చేస్తాను నీకు! మంచి కలపతో, చేతికి మెత్తగా ఉండేలా, పైన పాలిష్ పెట్టి. నువ్వు చూస్తూ ఉండు" అన్నారు ఈయన.

ఆవిడ చూస్తూ ఉన్నారు. ఎనిమిది నెలలు.

ఆయన ఊరికే కూర్చున్నారనుకునేరు! ఒక్క రోజు కూడా కూర్చోలేదు. కలప నున్నగా కోయాలంటే పనిబల్ల కావాలి. పనిబల్ల షెడ్డులో పెట్టాలి. షెడ్డు కారుతోంది. కారకుండా రేకు చివర గొట్టం పెట్టారు. గొట్టంలోంచి వచ్చే నీళ్ళు వృథా ఎందుకని కింద డ్రమ్ము పెట్టారు. డ్రమ్ములో నీళ్ళున్నాయి గనక మోటారు, మోటారుంది గనక పైపులు. పైపులకు తగ్గట్టు మొక్కలు ఎత్తులో ఉండాలని మట్టిమడుల చుట్టూ పలకలు కట్టారు. ఆ పలకలు ఎక్కడివని అడగరేం? రెయిలింగ్ కోసం తెచ్చిన కలపే! అత్తగారి చేతికి అందాల్సిన కర్ర టొమాటోల పాదాల దగ్గర చేరింది.

ఆవిడ వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కూరలు తరుగుతూ తోట వైపు చూసేవారు.

"ఒరే, ఆ మూల మొక్క ఆకు ముడుచుకుంటోంది చూడు."

"లేదమ్మా, సెన్సర్ అంతా బాగానే ఉందంటోంది."

"సెన్సర్ని అడుగుతావేంరా, ఆకునడుగు!"

ఈయన నవ్వేసి సెన్సర్ బ్యాటరీ మార్చేవారు. మర్నాటికి ఆ మొక్క చచ్చిపోయేది.

ఒకరోజు ఆవిడకు ఓపిక నశించింది. ఇంట్లో ఎవరూ గమనించకుండా వెనక తలుపు తీసి, పక్కన ఈయన కొత్తగా వేసిన చిక్కుడు పందిరి గుంజను పట్టుకుని ఒక మెట్టు దిగారు. ఆ గుంజకు ఓ చీటీ ఉంది. ఏమని రాసుంటుందో నేను చెప్పక్కర్లేదు. రెండో మెట్టు దగ్గర గుంజ ఊడి ఆవిడతో పాటే వచ్చింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి మెట్టు మీద కూలబడి, ఒళ్ళో గుంజ పెట్టుకుని, తల నిండా చిక్కుడు తీగతో కూర్చుని ఉన్నారు.

"ఏం కాలేదే, కంగారు పడకు" అన్నారు. మోచెయ్యి మాత్రం గీసుకుపోయింది.

ఈయన షెడ్డులోంచి పరుగున వచ్చారు. తల్లిని లేపి కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు, నిజంగానే కంగారు పడ్డారు. అబద్ధమెందుకు చెప్పాలి? ఆ తర్వాత, రోజంతా జారిపడ్డవాళ్ళ దరఖాస్తులు చదివే ఆ మనిషి గుంజను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "జాయింట్ బలహీనంగా ఉంది. ఇంకో డిజైన్ ఆలోచించాలి" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నా కోపం సంగతి అటుంచండి. ఆ రోజు నుంచి అత్తగారు కమ్మీ గురించి అడగడం మానేశారు. కుర్చీని కూడా కిటికీ వైపు నుంచి గోడ వైపు తిప్పుకున్నారు. "ఎండ కళ్ళలో పడుతోందే" అన్నారు. ఆ కిటికీలోంచి ఎండ ఎప్పుడూ రాదు.

మర్నాడు నేను ఆఫీసుకు సగంరోజు సెలవు పెట్టి హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళాను. మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ కావాలన్నాను.

షాపాయన ముఖం వెలిగిపోయింది. "మీ ఇంటి రెయిలింగేనా అమ్మా? సార్ వారం వారం వచ్చి చెబుతుంటారు. ఎనిమిది నెలల నుంచి దాని గురించే మాట్లాడుకుంటున్నాం. చాలా గొప్ప రెయిలింగమ్మా అది!"

"అది అలాగే ఉంచండి. నాకు మామూలుది ఇవ్వండి" అన్నాను.

"బిగించేదెవరు?"

"నేనే."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఒక ఇనుప కమ్మీ, రెండు బ్రాకెట్లు, ఆరు స్క్రూలు ఇచ్చాడు. గోడకు రంధ్రం ఎలా చేయాలో షాపు గోడ మీదే చేసి చూపించాడు. డ్రిల్లు మా ఇంట్లో మూడున్నాయి. నలభై నిమిషాలు పట్టింది. అందులో పది నిమిషాలు గుహలో డ్రిల్లు వెతకడానికే పోయాయి.

అత్తగారు ఆ కమ్మీని పట్టుకుని ఒకసారి గట్టిగా ఊపి చూశారు. కదల్లేదు. ఒకటి, రెండు, మూడు మెట్లు దిగి, తోటలో నిలబడి ఒక్కో మడినీ చూసుకున్నారు. తర్వాత టొమాటో మొదట్లో వేలు గుచ్చి చూసి, "దిక్కుమాలిన పైపులు! వేళ్ళు కుళ్ళబెట్టాడు వెధవ" అని ఎంతో సంతోషంగా తిట్టారు.

కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండేది! సాయంత్రం మా ఆయన వచ్చారు. కమ్మీని చూశారు. "నువ్వే బిగించావా? భలే!" అని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే జేబులోంచి రసమట్టం తీసి దాని మీద పెట్టారు. గాజులో నీటిబుడగ ఎటు పోతుందో కళ్ళు చికిలించి చూశారు.

"ఈ వాలు మెట్ల వాలుతో కలవడం లేదు. రెండు మిల్లీమీటర్లు తేడా. పర్లేదు, ఆదివారం సరిచేస్తాను."

ఆదివారం నేను కూరగాయలకు, అంటే మా తోట పుణ్యమా అని బయట కొనుక్కునే కూరగాయలకు వెళ్ళొచ్చేసరికి కమ్మీ లేదు. గోడకు ఆరు రంధ్రాలున్నాయి. కమ్మీ షెడ్డులో నేల మీద పడుకుని ఉంది. పనిబల్ల వచ్చాక సరిచేస్తారట!

రెండు వారాలు గడిచాయి. నేను దెబ్బలాడాను, బతిమాలాను, ఒకపూట వంట మానేశాను. "అమ్మకు చేసేది ఆషామాషీగా చేస్తానా?" అన్నారు ఆయన. ఆ మాట అన్నప్పుడు గొంతులో ప్రేమ ఉంది చూశారూ, అదే వచ్చిన చిక్కు! ప్రేమ లేని మనిషైతే ఎప్పుడో తిట్టి పని చేయించుకునేదాన్ని.

చివరికి నాకు సెలవున్న ఒక మధ్యాహ్నం అత్తగారు నన్ను పిలిచారు. "ఆ కమ్మీ పట్టుకొచ్చి మళ్ళీ బిగించవే."

"బిగిస్తే మళ్ళీ ఊడదీస్తారు అత్తయ్యా."

"ఊడదియ్యడు. ఓ అట్టముక్క, పురికొస కూడా తీసుకురా."

పెద్ద పెద్ద అక్షరాలతో ఆవిడే రాశారు: 'టెంపరరీ. అసలు కమ్మీ వచ్చేవరకు.' నేను స్క్రూలు బిగించాను, ఆవిడ చీటీ కట్టారు.

సాయంత్రం మా ఆయన రసమట్టం పట్టుకుని వచ్చారు. మెట్ల దగ్గర ఆగారు. చీటీని ఒకసారి చదివి, మళ్ళీ చదివారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఆయన రసమట్టం జేబులో పెట్టేసుకుని, "ఓ, టెంపరరీయా! అయితే సరే" అని షెడ్డులోకి వెళ్ళిపోయారు.

ఇది జరిగి నాలుగు నెలలు. ఇవాళ్టికీ ఆ కమ్మీని ఎవరూ ముట్టుకోలేదు, దాన్ని పట్టుకుని రోజూ తోటలోకి దిగే మనిషి తప్ప.

"ఈ ఉపాయం మీకెలా తట్టింది అత్తయ్యా?" అని అడిగాను.

ఆవిడ వేలితో మెట్లు చూపించారు. "ఇవి ఎవరు కట్టారనుకున్నావు? మీ మావయ్యగారు. నేను కాపురానికొచ్చిన ఏడు, అసలు మెట్లు వచ్చేవరకు అని కట్టారు. చీటీ ఒక్కటే తక్కువ!"

కనక అమ్మలారా, చేతిపని తెలిసిన మొగుడు దొరకడం ముమ్మాటికీ అదృష్టమే. ఆయన పుణ్యమా అని నాకు డ్రిల్లు పట్టడం వచ్చింది. గోడకు ఆరు స్క్రూలు బిగిస్తే తీరే పనికి ఒక పెద్దావిడ తను పెంచిన తోటను ఎనిమిది నెలలు కిటికీలోంచి చూడాల్సి వచ్చిందంటే, అందుకు కారణం ఆయనకు పని రాకపోవడం కాదు. వచ్చు. ఎంతో గొప్పగా వచ్చు. ఆవిడ అడిగింది మాత్రం గొప్ప పని కాదు.

మొన్న సాయంత్రం అత్తగారు బుట్టెడు టొమాటోలు కోసుకుని మెట్లెక్కి వస్తుంటే, మా ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి మురిపెంగా చూశారు.

"చూశావా? అమ్మ ఈమధ్య రోజూ తోటలోకి దిగుతోంది. కాపు కూడా ఎంత బాగుందో! అంతా ఆ పైపుల మహిమ."

"అవునండీ" అన్నాను.

ఆ పైపుల్ని అత్తగారు ఎప్పుడో పీకేసి, ముక్కలుగా కోసి, టొమాటో కొమ్మల్ని కర్రలకు కట్టడానికి వాడేశారు. ఆయన ఇంకా గమనించలేదు. బెల్ స్విచ్‌కు కలిపిన మోటారు మాత్రం అలాగే ఉంది. మీరెప్పుడైనా మా ఇంటికొస్తే దయచేసి బెల్ నొక్కకండి, తలుపు కొట్టండి.