ఉనాయిసి ఏమంది?

సినిమా అన్నది ఊళ్ళో సగం మందికి నచ్చకూడదు! అందరికీ నచ్చిందా, ఆ ఊరి పని అయిపోయినట్టే.

నవ్వకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను. అందరికీ నచ్చిన సినిమా చూసి బయటికొచ్చినవాళ్ళు ఏం మాట్లాడుకుంటారు? "బాగుంది" అంటాడు ఒకడు. "అవును, బాగుంది" అంటాడు రెండోవాడు. అంతే! ఇంటికెళ్ళి పడుకోవడమే. నడిసముద్రపు దీవి మీదున్న మా లెవుకా ఊళ్ళో ఆ మధ్య అలాంటిదొకటి ఆడింది. వారం రోజులపాటు సాయంత్రం తాగే కావా పానీయం గిన్నె చుట్టూ చేరిన పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాన గురించి మాట్లాడుకున్నారు. ఇంతకన్నా దౌర్భాగ్యం ఉంటుందా?

అదే, ఒకరికి అమృతంలాగా, పక్కవాడికి ఆముదంలాగా అనిపించే సినిమా వచ్చిందనుకోండి! ఊరు ఊరంతా గొంతు సవరించుకుంటుంది. ఏళ్ళ తరబడి పలకరింపుల్లేనివాళ్ళు కూడా రోడ్డు మీద ఆపి మరీ తిట్టుకుంటారు. అలాంటి భాగ్యం మాకూ పట్టింది. అదంతా ఉనాయిసి చేతి చలవ!

ఉనాయిసిది సముద్రం గట్టు పక్కనే ఇల్లు. పొద్దున బజార్లో రొట్టెలూ కూరా అమ్ముతుంది, ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తుంది. ఆమె గొంతెత్తితే హార్మోనియం సిగ్గుపడుతుందని మా ఊళ్ళో పేరు. అలాంటి మనిషి ఇంటి ముందుకి ఓ రోజు విదేశాల నుంచి సినిమావాళ్ళు వచ్చి దిగారు. గాల్లో ఎగిరే వీరుడి సినిమా అది. వీపున ఎర్ర గుడ్డ కట్టుకున్న ఆ వీరుడు మా వీధిలోనే దుష్టుల్ని చితక్కొట్టి ప్రపంచాన్ని కాపాడాలట. మధ్యమధ్యలో నవ్వించాలట కూడా!

వీధిలో జనం కావాలి గనక ఊరివాళ్ళనే పెట్టుకున్నారు. ఉనాయిసికి అప్పజెప్పిన పని ఒక్కటే. వాకిలి ఊడుస్తూ ఉండాలి, దుష్టులు రాగానే చీపురు పారేసి, కెవ్వుమని అరిచి, ఇంట్లోకి పరిగెత్తాలి.

ఇందులో కష్టమేముంది? ఏమీ లేదు. కాకపోతే, దుష్టుల గుంపులో ఆమెకి వరసకి బావ అయిన సకియుసా ఉన్నాడు.

తల మీద రబ్బరు ఆక్టోపస్ ముసుగు, ఒంటికి అతుక్కుపోయిన నల్ల లాగూ. కన్నతల్లి కూడా ఆనవాలు పట్టలేదు. అయితే సినిమావాళ్ళు తెచ్చిన బూట్లలో ఏదీ అతని పాదానికి పట్టలేదు. చివరికి కాళ్ళకి నల్లరంగు పూసి వదిలేశారు. కుర్రతనంలో రగ్బీ ఆడుతూ విరగ్గొట్టుకుని, వంకరగా అతుక్కున్న ఆ కుడికాలి బొటనవేలు ఉనాయిసి వాకిట్లోకి ముందుగా వచ్చింది. ఆమె చూపు దాని మీద పడింది.

అంతకు ముందు క్రిస్మస్ విందుకని ఆమె దగ్గర పెద్ద గుండిగ పట్టుకెళ్ళాడు సకియుసా. ఎప్పుడడిగినా "రేపు తెస్తా మరదలా" అనేవాడు. ఆ వారమే తెలిసింది, అడుగున చిల్లు పొడిచి అందులో మిరప మొక్క వేశాడని!

ఇక కెవ్వుమని అరవడం ఎక్కడిది? చీపురు తిరగేసి పట్టుకుని ఆక్టోపస్ మీదికి దూకింది. కొబ్బరి ఈనెల చీపురు, కొత్తగా కట్టింది. వీధి చివరిదాకా తరిమి తరిమి వాయించింది. నోరు ఊరుకుంటుందా? అదీ దంచింది. వెనక మిగతా దుష్టులందరూ నిజంగానే జడిసి పారిపోయారు. ఎగురుతూ రావాల్సిన వీరుడు తాడుకి వేలాడుతూ, ఎటు దిగాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

దర్శకుడు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇలాగే ఉంచేద్దాం!" అన్నాడు.

ఉంచేశారు. కొన్నాళ్ళకి సినిమా మా ఊరి హాలుకి వచ్చింది. శనివారం మధ్యాహ్నం బెంచీలు చాలక జనం కిటికీలెక్కారు. ఉనాయిసి మంచి గౌను వేసుకుని, చెవి వెనక పువ్వు పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తన వంతు వచ్చింది. తెర మీద ఇంత పెద్ద చీపురు, దాని వెనక తన గొంతు. కింద తెల్లటి అక్షరాలు పడ్డాయి: "స్థానిక స్త్రీ కేకలు."

సగం హాలు పొట్ట పట్టుకుని నవ్వింది. మిగతా సగం ఉలిక్కిపడి పిల్లల చెవులు మూసింది. కారణం? అవి కేకలు కావు కదా, మాటలు! అవి అర్థమైంది ప్రపంచం మొత్తంలో మాకే.

అక్కడ మొదలైంది ఊరికి పట్టిన భాగ్యం! బజారంతా ఒకటే రభస. "మన వీధి పరువు నిలబెట్టింది" అని చేపలమ్మేవాళ్ళు. "మన ఆడవాళ్ళు ఇలా ఉంటారనుకోదూ లోకం?" అని కూరలమ్మేవాళ్ళు. ఆ వీరుడి ఎర్ర గుడ్డ గురించీ, ఎగరడం గురించీ అడిగినవాడు లేడు.

అందరికన్నా మండిపడింది మకెరెటా. పాటల బృందంలో ఉనాయిసి పక్కనే నిలబడి రెండో గొంతు పాడే మనిషి. తిన్నగా పాస్టర్ అపెనిసా గారి దగ్గరికి వెళ్ళింది.

"దేవుడి పాట పాడే నోటితో అవేం మాటలండీ? రేపు రాజధాని సువాలో పాటల పోటీకి ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?"

పాస్టర్ గారు నెమ్మదస్తులు. ఎవరు ముందొస్తే వాళ్ళ మాట నిజమనిపిస్తుంది ఆయనకి. ఉనాయిసిని పిలిచి, "గొడవ చల్లారేదాకా వెనక వరసలో కూర్చో అమ్మా, పాడకు" అన్నారు.

ఆమె ఆ ఆదివారం వెనక బెంచీలో పెదవులు బిగించుకుని కూర్చుంది. ముందు నుంచి పాట కుంటుతూ వస్తుంటే ఆమె చేతివేళ్ళు ఒళ్ళో తాళం వేస్తూనే ఉన్నాయి. ఇంటికొచ్చి గట్టు మీద కూర్చుంది. సకియుసా వచ్చి కాస్త ఎడంగా నిలబడ్డాడు.

"దగ్గరికి రా బావా, చేతిలో చీపురు లేదులే."

"ఏడుస్తున్నావా?"

"ఉప్పుగాలి. కళ్ళు మండుతున్నాయి."

"దెబ్బలు తిన్నవాణ్ణి నేను. నాకు లేని బాధ ఆ మకెరెటాకి దేనికి? వీపు మీద ఈనెల గీతలు ఇంకా ఉన్నాయి, చూస్తావా?"

"ఆ లాగూలో చూసింది చాలు గానీ, పో!" అంది ఉనాయిసి. అని, అప్పుడు నిజంగానే ఏడ్చేసింది. "పాట ఆపేశారు బావా. తిట్టుంటే పడేదాన్ని. పాడొద్దన్నారు."

సకియుసా మర్నాడు మంచి చొక్కా తొడుక్కుని, కావా మొక్క వేళ్ళ కట్ట చంకలో పెట్టుకుని పాస్టర్ గారింటికి వెళ్ళాడు. మా దగ్గర తప్పు చేసినవాడు అలా వెళ్ళి క్షమాపణ అడుగుతాడు. తన్నులు తిన్నవాడు వెళ్ళడం మాత్రం అదే మొదలు!

కట్ట ముందు పెట్టి చేతులు కట్టుకున్నాడు. "తప్పు నాదేనండీ. గుండిగకి చిల్లు పొడిచింది నేను. ఆమెని పాడనివ్వండి."

పాస్టర్ గారు తికమకపడ్డారు. "గుండిగేమిటి?"

"సినిమాలో ఉంది కదండీ."

"నేను సినిమా చూడలేదయ్యా" అన్నారు ఆయన, కాస్త సిగ్గుపడుతూ.

చూశారా! అభిప్రాయానికి సినిమా చూడాలన్న నియమం పాస్టర్లకే లేనప్పుడు మనకెందుకు?

ఏమైనా, మళ్ళీ శనివారం ఆట వేశారు. పాస్టర్ గారు వచ్చి కూర్చున్నారు. వెనక మకెరెటా, తన అభిప్రాయాన్ని ఇంకోసారి రుజువు చేసుకోవడానికి. మూలన ఉనాయిసి. పాస్టర్ గారి పక్కన, ఆ ఉదయమే పడవలో దిగిన పరదేశపు పెద్దావిడ.

చీపురు వచ్చింది. కేకలు వచ్చాయి. హాలు మళ్ళీ రెండు ముక్కలైంది. పెద్దావిడ అటూ ఇటూ చూసి పాస్టర్ గారి చెయ్యి తట్టింది. "అందరూ దేనికి నవ్వుతున్నారు? ఆవిడ ఏమంటోంది?"

పాస్టర్ గారికి చెమటలు పట్టాయి. చొక్కా మెడ సవరించుకున్నారు. "ఆవిడా... 'సోదరా, నీ నడవడి గురించి కొంచెం ఆలోచించుకో' అంటోందమ్మా."

"కాదు!"

వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. మకెరెటా! బెంచీ మీద చెయ్యి ఊని లేచి నిలబడింది.

"అబద్ధం చెప్పకండి పాస్టర్ గారూ! అంత చప్పగా మాట్లాడే మనిషా మా ఉనాయిసి? 'మా అత్త కడుపున చెడబుట్టావు, సచ్చినోడా! వంటకుండకీ పూలకుండీకీ తేడా తెలీదా? ముసుగేసుకుంటే గుర్తుపట్టననుకున్నావా? ముందు ఆ పిర్రల మీద ఏదైనా కప్పుకో, ఊరంతా జడుసుకుంటోంది!' అందమ్మా. అక్షరం పొల్లుపోకుండా ఇదీ!"

మకెరెటా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నవ్వింది చూడండి హాలు! ఈసారి సగం కాదు, మొత్తం. పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పాస్టర్ గారు మొహం చేతుల్లో దాచుకున్నారు గానీ, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఆట అయ్యాక ఆయన ఇద్దర్నీ పిలిచారు. "ఆ మాటలు అన్న ఆమెనీ, వాటినే మళ్ళీ అన్న నిన్నూ వెనక కూర్చోబెడితే ముందు పాడేదెవరమ్మా? రేపు ఇద్దరూ పెందరాళే రండి."

బయటికి నడుస్తూ మకెరెటా తల దించుకునే అంది. "నువ్వన్నది తప్పే, ఇప్పటికీ అదే అంటాను. కానీ నువ్వు అనని మాట నీ నోట్లో పెడితే ఊరుకుంటానేమిటి?"

ఉనాయిసి ఆమె చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

కాబట్టి అభిప్రాయభేదం గొప్ప వరం. నా మాట నమ్మండి! ఫోన్ తెరిచి చూస్తే ప్రపంచమంతా ఈ సినిమా మీద కొట్టుకుంటోంది. ఎర్ర గుడ్డ రంగు తగ్గిందని ఒకడు, లేదు పెరిగిందని ఒకడు. జోకులు పేలాయని ఒకడు, తుస్సుమన్నాయని ఒకడు. "ఆ ముసలామె అరుపులకి చెవులు చిల్లులు పడ్డాయి" అని ఒకడు, "ఆ అరుపులే సినిమాకి ప్రాణం" అని ఒకడు. ఎంత ఆరోగ్యకరమైన చర్చ! ఆమె ఏమందని అడిగినవాడు మాత్రం, వేళ్ళు నొప్పెట్టేదాకా వెతికినా, ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు.

అవసరమేముంది లెండి? సినిమావాళ్ళే ఆ కొరత తీర్చేశారు. ఇప్పుడా సినిమాని చాలా భాషల్లోకి మార్చి వదిలారు. అందులో ఒకటి నిన్న సకియుసా ఫోన్లోకి వచ్చింది. గట్టు మీద కూర్చుని అందరం చూశాం. తెర మీద అదే వీధి, అదే ఉనాయిసి, అదే చీపురు. గొంతు మాత్రం ఎవరో పడుచుపిల్లది, తేనె కారుతోంది. కింద అక్షరాలు: "కాపాడండి! ఓ వీరుడా, వచ్చి నన్ను కాపాడండి!"

ఉనాయిసి రెండోసారి పెట్టమంది. చూసింది. ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"నన్నెందుకు కాపాడటం?" అంది. "చీపురు నా చేతిలో ఉంటే!"