తెల్లబడిన మైలుతుత్తం

"నేరస్థుడికి రెండే దారులు. తనంతట తాను లొంగిపోవడం, లేదా నా చూపు పడ్డాక లొంగిపోవడం" అని ప్రకటించాడు మా బావ. ఆయన మా బడి ఆఫీసులో టైపిస్టు, నేను డ్రాయింగు మాస్టర్ని. అక్క మొగుడాయె, వినక చస్తానా.

ఆ ఉదయం కేసు కెమిస్ట్రీ ల్యాబులో పడింది. నిన్నటిదాకా పళ్ళెం నిండా నీలంగా మెరిసిన మైలుతుత్తం (అదే, కాపర్ సల్ఫేటు) పలుకులు మాయమై, వాటి చోట తెల్లటి పొడి ఉంది. కెమిస్ట్రీ మాస్టరు సెలవు. తాళంచెవి ల్యాబ్ ఆయమ్మ దగ్గరే ఉంటుంది. పది గంటలకి తనిఖీ.

"ఆలోగా సరుకు తేలకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. దొంగల్ని నేను ఉంచుకోను" అంది హెడ్‌మిస్ట్రెస్, వరండాలో పిల్లలంతా వింటుండగానే. ఇరవై రెండేళ్ళుగా ఆ గాజుసామాను కడిగిన మనిషి, తాళంచెవి తీసి బల్లమీద పెట్టేసింది.

బావ భూతద్దం తీసి పళ్ళెం చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"సరుకు మార్చేశారు బావమరిదీ. దొంగ తెల్లచొక్కా వేసుకున్నాడు."

"ఎలా తెలిసింది?"

"తెల్లపొడి మోసేవాడు నల్లచొక్కా వేసుకుంటే దొరికిపోడూ?"

గదిలో తెల్లచొక్కా ఉన్నది ఆయన ఒంటిమీదే. ఆ సంగతి నేను ఎత్తలేదు.

"ఆయమ్మా, నిన్న సాయంత్రం ఏం జరిగింది? దాచకుండా చెప్పు."

"కిటికీలోంచి జల్లు కొట్టి పళ్ళెం తడిసింది సార్. తనిఖీకి అన్నీ పొడిపొడిగా ఉండాలని అమ్మగారన్నారు కదా. ఓవెన్లో పెట్టి, మీట చివరిదాకా తిప్పా. పొద్దున్నే తీశా."

"ఓవెన్ సంగతి ఎవరడిగారు? దొంగ సంగతి చెప్పు."

ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"సరే, దొంగ ఎలా పారిపోయాడో చేసి చూపిస్తా" అంటూ బావ వెనక్కి నాలుగడుగులు వేశాడు. మోచెయ్యి తగిలి బల్లమీది నీళ్ళజగ్గు పళ్ళెంలోకి బోర్లాపడింది. పొడి చుయ్యిమంది, ఆవిరి లేచింది. చూస్తుండగానే తెలుపంతా నీలమైపోయింది. బావ వేలు పెట్టి, చప్పున తీసి నోట్లో పెట్టుకోబోతే నేను చెయ్యి పట్టుకున్నాను.

"కాలింది" అన్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ పళ్ళెం మీదికి వంగి చూసింది.

"పలుకుల్లో ఉన్న నీళ్ళు వేడికి పోయాయి, అంతే. మళ్ళీ నీళ్ళు తగిలి రంగు వచ్చింది. ఒకప్పుడు ఈ పాఠం నేనే చెప్పేదాన్ని" అంది. "ఆరబెట్టమన్నదీ నేనే."

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే. దొంగ వేడి. ప్రస్తుతం పరారీలో ఉంది" అన్నాడు బావ.

"నన్ను పిల్లల ముందు దొంగన్నారమ్మా" అంది ఆయమ్మ, మెల్లిగా.

హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళింది. "ఈవిడ ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు నాది. మీ అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నా" అంది. పిల్లలు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఆయమ్మ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. మా బావ మాత్రం గుమ్మంలో నిలబడి, మూడుసార్లు వంగి, పిల్లలకి దండం పెట్టాడు.