పదివేల ఏడు దీపాలు

నెల్లిమర్లలో లెక్కల మాస్టారుగా రిటైరైన చంద్రశేఖరం, కార్తీక పౌర్ణమి పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా కాలనీ మైదానంలోకి దిగారు. భార్య జగదాంబ గుండె ఆపరేషన్ నుంచి క్షేమంగా లేస్తే పదివేల దీపాలు వెలిగిస్తానని మొక్కుకున్నారు. ఆవిడ లేచింది. ఇక దీపాలే బాకీ. అయితే ఏ వరుసలోనూ ఒక్క దీపం తగ్గకూడదని ఆయన పట్టుదల. దేవుడు కూడా లెక్కల పేపరు దిద్దుతాడని ఆయన గట్టి నమ్మకం.

"సున్నాతో ముగిస్తారా? ఒకటి కలపండి," అంది జగదాంబ.

మాస్టారు ఉలిక్కిపడి, అంతలోనే వెలిగిపోయారు. పదివేల ఒకటి అంటే డెబ్బైమూడు వరుసలు, వరుసకు నూటముప్పైయేడు! పాత శిష్యుడు అప్పలసూరి ముగ్గుపిండితో గళ్లు గీశాడు.

అంతలో, జగదాంబను ఆసుపత్రికి చేర్చిన ఆటో త్రినాథ్, రక్తమిచ్చిన ముగ్గురిని వెంటబెట్టుకుని తలో దీపంతో వచ్చాడు. "అమ్మగారు మాకు మాత్రం అయినోరు కారేటి?" అన్నాడు. పదివేల ఐదు. ఎనభైయేడు వరుసలు, వరుసకు నూటపదిహేను. గళ్లు చెరిపి మళ్లీ గీశారు. తరవాత ఆసుపత్రి నర్సు పద్మకుమారి, భర్తతో కలిసి రెండు తెచ్చింది.

పదివేల ఏడు. మాస్టారు మధ్యాహ్నం దాకా భాగించారు. ఏదీ భాగించలేదు.

"ప్రధాన సంఖ్యరా సూరీ! ఒకే వరుసలో పెట్టుకోవాలి. కొత్తవలస దాకా పోతుంది!"

"నా నడుం ఇక్కడే పోనాది మేస్టారూ," అన్నాడు అప్పలసూరి.

ఇంకో దీపం రాకుండా మాస్టారు వెళ్లి మైదానం గేటుకు అడ్డంగా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే పక్కింటి కూర్మమ్మ దీపం పట్టుకుని వచ్చింది.

"ఇంక చాలమ్మా, తీసుకోలేను," అన్నారాయన.

"ఆసుపత్రికి రోజూ కేరేజీ తెచ్చినప్పుడు సాలన్నారేటి? ఇప్పుడు నా దీపం ఒక్కటీ ఎక్కువైపోనాదా?" అని కూర్మమ్మ గిరుక్కున వెనుదిరిగింది.

"మొక్కు నా కోసమా, మీ లెక్క కోసమా?" అంది జగదాంబ.

మాస్టారి బుర్ర పాత అలవాటు కొద్దీ ఒకటి కలిపింది. పదివేల ఎనిమిది! చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తారు.

"కూర్మమ్మా! నీ దీపం లేకపోతే నా మొక్కు తీరదమ్మా! డెబ్బైరెండు వరుసలు, వరుసకు నూటముప్పైతొమ్మిది!"

"వరసలు నాకెందుకు? మీరన్నమాటకి నా కోడలు ఈశ్వరి కూడా అలిగినాది. ఇద్దరివీ ఎట్టుకుంతేనే వస్తాం."

మాస్టారు సరేనని అత్తాకోడళ్లను వెంటబెట్టుకుని, దారి పొడవునా భాగించుకుంటూ వచ్చి, గేటు దగ్గర కూలబడ్డారు. పదివేల తొమ్మిది కూడా ప్రధాన సంఖ్యే.

జగదాంబ మెల్లగా నడిచి వచ్చి, ఈశ్వరి చేతిలోని దీపం అందుకుంది. "అన్నీ నేలమీదే పెడతానని మొక్కుకున్నారా? ఇది నేను పట్టుకుంటాను," అంది.

అప్పలసూరి డెబ్బైరెండు వరుసలకు మూడోసారి గళ్లు గీశాడు. చీకటి పడేవేళకు వరుసలన్నీ సమానంగా వెలిగాయి. వాటి ముందు జగదాంబ, చేతిలో దీపంతో, బతికి నిలబడి ఉంది. చుట్టూ ఆవిడను బతికించుకున్న మనుషులు. ఇంతమందికి రుణపడి ఉన్నానా అని మాస్టారికి కళ్లు చెమర్చాయి. దేవుడికీ వీళ్లకీ కలిపి ఒకేసారి దణ్ణం పెట్టారు.

అప్పుడే గేటు అవతలి నుంచి, "మేస్టారూ, మావీ ఎట్టొచ్చా?" అని నలుగురైదుగురు అడిగారు. మాస్టారు గేటు బార్లా తెరిచి, తనకు లెక్కలు రావని చెప్పేశారు.