తేజస్వినీ పెసరమొలక విజయము

గౌతమీ తరంగహస్తములు రేవుమెట్లను తడిమి తడిమి మేలుకొల్పు పుణ్యసీమ యానాములో, మార్చి నెల ఆదివారమున, ఇంటింట కుక్కరులు శంఖారావము చేయు శుభవేళ, ఎనిమిదో తరగతి బి సెక్షను వీరాంగనయు, జడద్వయ విరాజితయు, రికార్డుబుక్కు ధారిణియు నగు తేజస్విని, కనకాలపేటలోని తన ఇంటి పెరటిగట్టుపై నున్న మూడు గ్లాసులను చూచి కొయ్యబారిపోయెను.

సైన్సు మాస్టారు ఉమామహేశ్వరం గురువారమున ఇచ్చిన ఆజ్ఞ యిది: మూడు గ్లాసులలో తడిదూది పరచి, తలా ఇరువది పెసలుంచి, ఒకదానికి మంచినీరు, ఒకదానికి చెంచాడు ఉప్పు కలిపిన నీరు, ఒకదానికి మూడు చెంచాల ఉప్పునీరు పోసి, ఉప్పు మొలకను ఎట్లు అణచునో కనిపెట్టి సోమవారం మొదటి పీరియడుకు చూపవలెను. మార్కులు పది. ఉప్పుగ్లాసుల సైన్యములు కూలుట శాస్త్రసమ్మతమే. కాని మంచినీటి గ్లాసులోని ఇరువది మంది హరితవర్ణ మహాయోధులును, మూడు దినములు కడుపార త్రాగి, బొద్దుగా ఉబ్బి, ఒక్క తోకయైన మొలిపింపక పడియుండిరి!

అంతలో పక్కింటి సహాధ్యాయిని ధనశ్రీ గోడపై తలయెత్తి, “మా అమ్మ టిఫినుకి మొలకలు కట్టిందే. ఓ పిడికెడు ఇత్తాను, గ్లాసులో ఏసెయ్,” అనెను.

“ఓసి ప్రలోభినీ! సూర్యచంద్రులు గతి తప్పినను, పరుల మొలకతో పదిమార్కులు గడింతునా!” అని తేజస్విని హృదయము గర్జించెను. నోట మాత్రము, “వద్దులేవే, దొరికిపోతాం,” అని వెలువడెను.

పిమ్మట ఆమె మంచినీటి గ్లాసులో వ్రేలు ముంచి నాలుకపై నిడుకొని, క్రోధారుణ నేత్రయై వంటింటిపై దండెత్తెను.

“మామ్మా! నా మంచినీళ్ళలో ఉప్పు ఎవరేసారు?”

వంకాయలు తరుగుచున్న సీతామహాలక్ష్మి తలయెత్తలేదు. “ఎవరేత్తారే? ఎక్కడివా నీళ్ళు?”

“బోరువి.”

“బోరు నీళ్ళని మంచినీళ్ళంటావేంటే పిచ్చిమొగమా! ఎండలొచ్చాయంటే ఆ నీళ్ళకి కందిపప్పే ఉడకదు. తాగడానికి టిన్ను ఎందుకు తెప్పిత్తన్నామనుకున్నావ్?”

అయ్యో! శత్రువు స్వశిబిరముననే, మోటారు మీట నొక్కిన చాలు ఉరుకుచు వచ్చుచుండెనా!

టిన్నునీటితో నాలుగవ వ్యూహము పన్న నిశ్చయించి ఆమె టిన్ను వంచగా, అడుగున ఒక్క గ్లాసెడు నీరు. అది మామ్మ టీకై దాచినది. టిన్నుల బండి సాయంత్రమునకు గాని రాదు. అంతవరకు ఆగినచో పెసలకు ప్రొద్దు చాలదు.

సీతామహాలక్ష్మి గ్లాసును చూచెను, మనుమరాలిని చూచెను, నిట్టూర్చెను.

“తీసుకెళ్ళు. ఓ పూట టీ మానేత్తే చచ్చిపోనులే. నానాక గుడ్డలో మూటగట్టి పొయ్యి పక్కనెట్టు. అప్పుడూ మొలవకపోతే ఆ పెసల సంగతి నేను చూత్తాను!”

మరునాడు తరగతిలో ఉమామహేశ్వరం మాస్టారు కనుబొమలెత్తెను. “మూడు గ్లాసులన్నాను గదమ్మా. ఈ మూటేంటి?”

“మొదటి గ్లాసు మా బోరు నీళ్ళు సార్. అయ్యీ ఉప్పే. అందుకని టిన్ను నీళ్ళతో మళ్ళీ పెట్టాను.”

తరగతి గొల్లున నవ్వెను. మాస్టారు నవ్వలేదు. మొదటి గ్లాసులో వ్రేలు ముంచి రుచిచూచి ముఖము చిట్లించెను. పిదప మూట విప్పెను. పందొమ్మిది గింజలు గాఢనిద్రలో నుండెను. ఇరువదవదానిని ఆయన వ్రేలికొనపై కెత్తి, కళ్ళజోడు నుదుటిపైకి నెట్టి, కిటికీ వెలుగునకు పట్టి, చాలసేపు చూచెను.

“మొలిచిందమ్మా,” అనెను మాస్టారు. “ఈ బోరు సంగతి రికార్డులో రాయి. నేను చెప్పిన దానికన్నా అదే మంచి ఎక్స్‌పెరిమెంటు.”

దిక్పాలకులారా, వినుడు! బి సెక్షనువారలారా, తోసుకొనక వరుసగా వచ్చి కనుడు! ఉప్పును గెలిచి, బోరును గెలిచి, ఆ ఉదయమున తేజస్విని సాధించిన శ్వేతాంకురము నిడివి, సరిగా కొలిచినచో, ఒక మిల్లీమీటరు!