కౌజుల బూడిద స్నానం

ధర్మవరంలో మగ్గం నేసే ఎర్రప్పకు బిడ్డ మీద ఎంత ప్రేమో వీధి వీధంతా ఎరుగును. ఒకసారి బిడ్డ కోసమని హిందూపురం నుంచి జిలేబీ తెచ్చాడు. అంతకు ముందు బిడ్డ కోసమని కారప్పూస తెచ్చాడు. బిడ్డకు ఆరో నెల, నోట్లో పన్ను లేదు. అందుకని ఆ తండ్రే, పాపం, బిడ్డ తరఫున నమిలేవాడు. మింగే కష్టం కూడా ఆయనదే.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో, పట్టు కొనడానికి హిందూపురం పోయినవాడు పట్టుతోపాటు ఒక వెదురుబుట్ట కూడా చంకన పెట్టుకుని రైలు దిగాడు. బుట్టలో రెండు కౌజుపిట్టలు, గుప్పెడంతవి, బొద్దుగా ఉన్నాయి.

"పులుసు పెట్టు. నువ్వు తింటే పాలు పడతాయి, బిడ్డకు బలం" అన్నాడు.

భార్య నీలావతికి ఈ మాట కొత్త కాదు. కాన్పు అయినప్పటి నుంచి ఆమెకు బలం కోసమని ఇంటికి వచ్చినవాటితో ఆయనే నడుము చుట్టూ రెండంగుళాలు పెరిగాడు.

అప్పటికి పొద్దు వాలుతోంది. పొద్దు వాలిందంటే బిడ్డ చౌడేశ్వరి ఏడుపు అందుకుంటుంది. అది ఏ రోజూ తప్పదు. నీలావతి దిష్టి తీసింది, వాము నీళ్ళు పట్టింది, తాయెత్తు కట్టించింది. తన పాలలోనే ఏదో దోషం ఉందని తనూ బిడ్డ పక్కన కూర్చుని ఏడ్చింది. ఎర్రప్ప మాత్రం ఏడుపు మొదలు కాగానే ఎవరో పిలిచారని వీధిలోకి పోయేవాడు. ఎవరూ పిలవకపోయినా వినిపించేంత చురుకైన చెవులు ఆయనవి.

ఆ రోజు ఆయన అలా పోగానే, ఒక కౌజు బుట్టలోంచి తప్పించుకుని పొయ్యి దగ్గరి బూడిదలో దిగింది. రెక్కలు విప్పి, కాళ్ళు చాపి, పక్కకు ఒరిగి పొర్లడం మొదలుపెట్టింది. రెండోదీ దిగింది. బిడ్డ ఏడుపు సగంలో ఆపి, తెరిచిన నోరు తెరిచినట్టే చూసింది. ఒకసారి వెక్కి, నవ్వింది.

నీలావతి చేతిలో కత్తి ఉంది. దాన్ని అటక మీద పెట్టేసింది.

ఉన్న మాట చెబితే మొగుడు ఏమంటాడో ఆమెకు తెలుసు. ఈ రెండూ కోసెయ్, వచ్చే వారం ఇంకో రెండు తెస్తానంటాడు. ఎర్రప్ప చెప్పే వచ్చే వారం ఈ ఇంటికి ఇంతవరకూ రాలేదు.

"ఈటికి పేలుండాయి" అంది ఆయన రాగానే.

"కౌజుకు పేలేందే?"

"లేకుంటే బూడిదలో ఎందుకు పొర్లుతాయి? చంటిబిడ్డ ఉండే ఇల్లు. పేలు పోయేదాంకా నేను ఈటిని వండను. రోజూ బూడిద స్నానం చేయించు. పోయినాక నేనే చెప్తా."

రెండు రోజుల పనే గదా అనుకున్నాడు ఎర్రప్ప. మర్నాడు పొద్దున్నే మట్టి మూకుడు నిండా బూడిద పోసి, నేస్తూ చూసుకోవచ్చని మగ్గం పక్కనే పెట్టాడు. తెలివైనవాడు కదా. కౌజులు రెక్కలు కొట్టిన కొద్దీ బూడిద లేచి మగ్గం మీది ఎర్రటి పెళ్ళిచీర మీద దిగింది. ఆయన తల ఎత్తి చూసేసరికి అది బైరాగి కట్టుకునే బట్టలాగా ఉంది. మధ్యాహ్నం దాకా బుగ్గలు వాచేట్టు ఊది ఊది దులిపాడు.

అప్పటి నుంచి స్నానాలు వసారాలోకి మారాయి. పొద్దు వాలినాకనే పేలు కదులుతాయని నీలావతి చెప్పింది. పులుసు మీద మనసున్నవాడు ఏదైనా నమ్ముతాడు. పిల్లి రాకుండా కట్టె పట్టుకుని కాపలా కూర్చున్నాడు. బూడిద ఒక్కటే అయితే చాలదని ఎవరో అంటే చిత్రావతి ఏటి నుంచి ఇసుక మోశాడు. గరుకు ఇసుక వాటికి గుచ్చుకుంటుందని జల్లెడ పట్టాడు. ఆ జల్లించే తీరు చూసి పక్కింటి రత్నమ్మ తన రాగిపిండి కూడా జల్లించమని పంపింది.

రోజూ స్నానం కాగానే నీలావతి ఈకలు పాయలు తీసి చూసి, ఇంకా ఒకటి ఉండాదని చెప్పేది. ఆ ఒక్క పేను మూడు వారాలు బతికింది.

ఈ లోపల ఎర్రప్ప, కౌజుల్లో ఆడది ఎడమకే పొర్లుతుందనీ, మగది ముందు మెడ ముంచుతుందనీ, చీరలు కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రాలు వీధిలోంచి తనను ఎవరూ పిలవడం లేదన్న సంగతి మాత్రం గమనించలేదు.

చివరికి పక్క వీధిలోని స్నేహితుడు తిప్పన్న పూనుకున్నాడు. పేలకు జడిసే మొగోణ్ణి యాడా చూడలేదని ఎగతాళి చేసి, పిట్టల్ని తన ఇంటికి తెమ్మన్నాడు. నీలావతి నీళ్ళకు పోగానే ఎర్రప్ప బుట్ట మీద తువ్వాలు కప్పుకుని బయలుదేరాడు.

తిప్పన్న భార్య గంగాదేవి మసాలా నూరి సిద్ధంగా ఉంది. పిట్టను పట్టుకుని ఈకలు విప్పి చూసింది. "పేలు యాడుండాయన్నా? మా ఇంట్లో తలలకంటే ఇవే శుభ్రం" అంది.

ఎర్రప్పకు చిత్రావతి ఇసుక, జల్లెడ, రత్నమ్మ రాగిపిండి వరసగా కళ్ళముందు కదిలాయి. కడుపు మండింది. కోసెయ్యమన్నాడు. తిప్పన్న కత్తి నూరుతున్నాడు. పొద్దు వాలింది. బుట్టలో కౌజులు అడుగు గీరడం మొదలుపెట్టాయి.

"కొంచెం బూడిద ఇట్లియ్యమ్మా" అన్నాడు ఎర్రప్ప.

"కోసేదానికి స్నానమేందప్పా?" అన్నాడు తిప్పన్న.

"టైమయింది."

గంగాదేవి బూడిద తెచ్చింది. ఎర్రప్ప దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, జల్లెడ కూడా తెమ్మన్నాడు. తిప్పన్న కత్తి కింద పెట్టాడు. ఆడది ఎడమకు పొర్లింది. ముగ్గురూ కూర్చుని చూస్తుండగా పక్క వీధి నుంచి ఏడుపు వినిపించింది. ఆ గొంతు ఎర్రప్పకు తెలుసు. సగం స్నానంలోనే పిట్టల్ని బుట్టలో వేసుకుని లేచాడు. నూరిన మసాలా వృథా చేయడమెందుకని గంగాదేవి ఆకులో కట్టిచ్చింది.

ఇంట్లో నీలావతి బిడ్డను భుజాన వేసుకుని, బుట్ట కోసం మగ్గం గుంతలో కూడా వెతుకుతోంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఎర్రప్ప మూకుడు లాగి, ఇసుకా బూడిదా కలిపి, పిట్టల్ని వదిలాడు. దుమ్ము లేచింది. ఏడుపు ఆగింది. బిడ్డ వంకా పిట్టల వంకా ఆయన మూడు నాలుగుసార్లు చూశాడు.

"ఈటికి పేలు లేవంట గదే" అన్నాడు కాసేపటికి.

నీలావతి బిడ్డ ముక్కు తుడిచింది. "ఉండె. మొదటి రోజే పోయినాయి."

ఎర్రప్ప మసాలా ఆకుపొట్లం ఆమె ముందుకు జరిపాడు.

"ఇంట్లో వంకాయలేమన్నా ఉండాయా?" అన్నాడు.